రింగులు మారే తుపాకీ

మా నాన్నకు ఏలూరులో తుపాకులు బాగుచేసే షాపు ఉంది. ఆయన చేతులు వణకడం మొదలయ్యాక సన్నపనులు నేను చేయడం అలవాటైంది. తర్వాత లైసెన్సు కాగితాల్లోనూ నా పేరు చేరింది. మొదట్లో వచ్చినవాళ్ళు నన్ను చూసి, నాన్న కోసం లోపలికి తొంగిచూసేవారు. ఇప్పుడు నాకు నలభై దాటాయి. ఎవరూ తొంగిచూడరు.

కలిదిండి వైపు నుంచి ఒక రిటైర్డు మాస్టారు మా షాపుకి వచ్చింది ఒక నవంబరులో. చర్చికి వెళ్ళొస్తున్నట్టు తెల్లటి ఇస్త్రీ చొక్కా, చేతిలో పొడవాటి గుడ్డసంచి. అందులో పాత సెమీ ఆటోమేటిక్ షాట్‌గన్. అది ఆయన అన్నగారిది. అన్నగారు పెదవేగిలో పామాయిల్ తోట చేసేవారు. తోట మీద పడే అడవిపందుల కోసం దాన్ని ఉంచుకున్నారు. ఆయన పోయిన రెండేళ్ళకు లైసెన్సు తమ్ముడి పేరుకి మారింది.

"మాకు చేపల చెరువులున్నాయండీ. నీటికాకులు గుంపులు గుంపులుగా దిగిపోతున్నాయి. వాటిని కొట్టకూడదని తెలుసు. చప్పుడు కోసం గాల్లోకి పేలుద్దామనే. కానీ ఒకటి పేలాక రెండోది లోపలికి రావటం లేదమ్మా."

ఆ రకం తుపాకీలో కాల్చినప్పుడు బ్యారెల్ మొత్తం వెనక్కి జరుగుతుంది. ఆ ఊపుతోనే ఖాళీ తొడుగు బయటికి ఎగిరి, తర్వాతి కాట్రిడ్జి లోపలికి వస్తుంది. ఆ ఊపుని అదుపులో పెట్టడానికి ముందున్న చెక్క కింద ఒక స్ప్రింగూ, ఒక కంచు రింగూ, ఒక ఉక్కు రింగూ ఉంటాయి. బరువైన కాట్రిడ్జిలు వాడేటప్పుడు ఉక్కు రింగు స్ప్రింగుకి ముందు, కంచు రింగుని ఆనుకుని ఉండాలి. తేలికవి వాడేటప్పుడు దాన్ని స్ప్రింగు వెనక్కి మార్చాలి. విప్పి చూస్తే బరువుకి పెట్టి ఉంది. తేలిక కాట్రిడ్జికి ఆ బిగింపులో బ్యారెల్‌ని జరిపే బలం చాలదు. రింగు మార్చాను.

బ్యారెల్ మూతికి బిగించే చోక్ కూడా మార్చమన్నారు. చోక్ అంటే గుళ్ళు దగ్గరగా వెళ్ళేలా మూతిని కాస్త ఇరుకు చేసే చిన్న గొట్టం. దానికి ఉన్నది తెరిపి చోక్, అంటే మూతిని పెద్దగా ఇరుకు చేయనిది. సంచిలో ఇరుకుది ఇంకొకటి ఉంది. అది పెడితే చప్పుడు దూరం పోతుందని ఎవరో చెప్పారట.

"చప్పుడుకీ దానికీ సంబంధం లేదండీ," అన్నాను.

"అయినా పెట్టమ్మా," అన్నారు. పెట్టాను. చిన్న గుళ్ళ కాట్రిడ్జికి ప్రమాదమేమీ లేదు కదా అనుకున్నాను.

మూడు వారాలకు ఆయన మళ్ళీ వచ్చారు. మళ్ళీ అదే జబ్బు. విప్పి చూస్తే ఉక్కు రింగు స్ప్రింగు ముందుకి వచ్చేసింది. మూతికి తెరిపి చోక్ ఉంది.

"ఎవరు విప్పారు మాస్టారూ?"

"విప్పటం నాకు చేతకాదమ్మా. బీరువాలో పెట్టి తాళం వేశాను. ఇదిగో, తాళంచెవి మొలకే ఉంటుంది." గొంతు తగ్గించారు. "మా అన్నయ్య ఇలాగే పెట్టుకునేవాడు."

రింగూ, చోకూ మళ్ళీ మార్చాను. ఈసారి చెక్కని బిగించే మూత మీద, అది చెక్కతో కలిసే చోట ఎర్ర పెయింటుతో చిన్న చుక్క పెట్టాను. మూత తిప్పితే చుక్క విరగాలి. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు.

డిసెంబరు మధ్యలో ఫోను చేశారు. రెండోది లోపలికి రావడం లేదట. తుపాకీ తీసుకుని బస్సెక్కడానికి భయంగా ఉందన్నారు. గొంతు బాగా లేదు. నేనే వస్తానన్నాను.

పొద్దున్నే కైకలూరు బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోలో వెళ్ళాను. మంచు కళ్ళకు అడ్డంగా ఉంది. రోడ్డుకి రెండు పక్కలా చెరువులున్నాయని, నీళ్ళలోకి గాలి కొట్టే ఏరేటర్ల చప్పుడుని బట్టి తెలుస్తోంది కానీ నీళ్ళు కనిపించడం లేదు. అక్కడక్కడా కర్రల మీద నీటికాకులు రెక్కలు విప్పుకుని కదలకుండా కూర్చున్నాయి.

ఇంట్లో మాస్టారు, ఆయన వదినగారు ఇద్దరే ఉంటారు. ఆవిడ వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నారు. డెబ్బై ఏళ్ళుంటాయి. నమస్కారం పెడితే నా మొహం చూడలేదు, నా చేతులు చూశారు. అన్నయ్య పోయాక ఆవిడ మాటలు తగ్గించేసిందని, గుమ్మం దాటడం లేదని మాస్టారు లోపలికి తీసుకెళ్తూ చెప్పారు.

బీరువా నా ముందే తీశారు. మూత మీద నా ఎర్ర చుక్క విరగకుండా ఉంది. నాకు కాస్త ధైర్యం వచ్చింది. లోపల ఏదో తుప్పు పట్టేసి ఉంటుంది అనుకున్నాను. తుపాకీ ఖాళీగా ఉందో లేదో వేలు పెట్టి చూసుకుని, మూత విప్పి చెక్క లాగాను.

ఉక్కు రింగు ముందుంది. చోక్ తెరిపిది.

మాస్టారు మంచం అంచున కూర్చుండిపోయారు. "నేను చెప్పలేదా అమ్మా. వాడే. వాడి వస్తువు వాడికి కావాల్సినట్టు పెట్టుకుంటున్నాడు."

"అలా అనకండి మాస్టారూ," అన్నాను. చేతులకు పని ఉంటే భయం తగ్గుతుందని రింగు వెనక్కి మార్చాను. ఇరుకు చోక్ బిగించాను. "పదండి, మీ కళ్ళముందే రెండు పేల్చి చూద్దాం."

చెరువుగట్టు ఇంటి వెనకే. మాస్టారు గట్టు మీది షెడ్డు తాళం తీసి, కాట్రిడ్జిల సంచి భుజానికి తగిలించుకొచ్చి, అందులోంచి రెండు ఎర్రవి తీసి తుపాకీలో పెట్టారు. తుపాకీని అన్నిసార్లు పరీక్షించిన దాన్ని, ఆ సంచిలోకి ఒక్కసారి చూడలేదు. ఆ తప్పు నాదే. ఆయన తుపాకీ పైకెత్తారు.

"కాల్చకు."

వెనక నుంచి వచ్చింది ఆ మాట. పెద్దగా అరవలేదు. మంచులోంచి వదినగారు చెప్పులు లేకుండా గట్టు మీద నడిచి వస్తున్నారు. చీర అంచు తడిసి బురదైంది.

"కాల్చకు మరిదీ. ఒంటిగుండుంది అందులో."

మాస్టారు చేతుల్లోంచి తుపాకీ నేను తీసుకున్నాను. మూతిని నీళ్ళవైపు ఉంచి కాట్రిడ్జిలు బయటికి తీశాను. మొదటి దాని మూతి పువ్వు మడతలా ముడుచుకుని ఉంది. అది చిన్న గుళ్ళది. రెండోదాని అంచు లోపలికి చుట్టి ఉంది, గుళ్ళకు బదులు మధ్యలో బొటనవేలంత సీసపు గుండు ఒక్కటే కనిపిస్తోంది. రంగు ఒకటే. పైన అక్షరాలు అరిగిపోయాయి. సంచి గట్టు మీద బోర్లించి చూస్తే అలాంటివి ఇంకో మూడున్నాయి.

ఒంటిగుండు ఇరుకు చోక్‌లోంచి వెళ్తే మూతి ఉబ్బవచ్చు, చీలవచ్చు. ఆ పాత ఇనుముకి, తేలికకి పెట్టిన రింగుతో, ఆ దెబ్బ ఎక్కడెక్కడ తగిలేదో చెప్పలేను. ఆయన చెంప తుపాకీ వెనక చెక్కకు ఆనుకుని ఉంది. ఆ పక్కనే నేనున్నాను. గాల్లోకి వదిలిన గుండు ఏ చెరువు దగ్గర, ఎవరి మీద పడేదో అదింకొకటి. గట్టు మీదే కూర్చున్నాను.

"ఇవి ఎక్కడివి మాస్టారూ?"

"పెదవేగి తోటింట్లో, అన్నయ్య పెట్టెలో విడిగా ఉంటే పోయిన నెల తెచ్చి ఇందులో కలిపాను. అన్నీ ఒకటే అనుకున్నానమ్మా."

వదినగారు నా పక్కన కూర్చున్నారు. అప్పుడు మొదటిసారి నా మొహం చూశారు.

"రింగు మార్చింది నేనేనమ్మాయ్. బీరువాకి రెండో తాళంచెవి నా దగ్గరుంది. ఆయన ఉన్నన్నాళ్ళూ తుపాకీ తుడిచి నూనె రాసింది నేను. మరిది ఆదివారం చర్చికెళ్ళినప్పుడు విప్పేదాన్ని. నీ ఎర్రచుక్క గోళ్ళరంగుతో మళ్ళీ పెట్టాను."

ప్రాణం లేచొచ్చినట్టయింది. మనిషి చేసిన పనే. నవ్వు కూడా వచ్చింది నాకు. "మరి మాస్టారికి ఒక్క మాట చెప్పొచ్చు కదండీ, సంచిలో ఇవి ఉన్నాయని."

"సంచి నేను చూళ్ళేదమ్మా."

నిజమే. ఆ సంచి చెరువు దగ్గర షెడ్డులో తాళం వేసి ఉంటుందని, దాన్ని ఇంట్లోకి ఎప్పుడూ తేలేదని మాస్టారు అన్నారు. పెదవేగి నుంచి తెచ్చిన సంగతి ఎవరికీ చెప్పలేదట.

"మరి మీకెలా తెలిసిందండీ?"

"ఆయన చెప్తున్నారు," అన్నారావిడ, పాలవాడు చెప్పాడన్నంత మామూలుగా. "నెల్రోజులై ఒకటే గోల. గుండుంది, గుండుంది అని. మీకు చెప్తే నమ్మరని, గుండు పేలినా తట్టుకునేలా రింగూ చోకూ మార్చి ఊరుకున్నాను. ఇవాళ, లే, బయటికి పద అన్నారు."

ఏరేటరు నీళ్ళు కొడుతూనే ఉంది.

ఆ వారమే మాస్టారు తుపాకీని పోలీసు స్టేషన్లో అప్పగించారు. చెరువుల మీద వలలు కట్టించారు. నేను ఏలూరు వచ్చి ఈ కథంతా చెబితే, నాన్న "సంచి చూడకుండా ఎలా లోడు చేయనిచ్చావు?" అని ఒక్కమాట అడిగారు. మిగతా దాని గురించి ఏమీ అడగలేదు.

వేసవిలో మాస్టారు మళ్ళీ షాపుకి వచ్చారు, చేతిలో ఏమీ లేకుండా. టీ తెప్పించాను. సగం తాగి గ్లాసు బల్ల మీద పెట్టారు.

"తుపాకీ వెళ్ళిన రోజు నుంచి అన్నయ్య మాట వినబడటం లేదట. వదినగారు తిండి మానేసింది. ఆయన్ని కూడా స్టేషన్లో అప్పగించేశావా అని నన్నడుగుతోంది. ఏం చెప్పనమ్మా?"

తుపాకీ తిరిగి తెచ్చుకోవచ్చని, దరఖాస్తు ఎలా పెట్టాలో నాకు తెలుసని నోటిదాకా వచ్చింది. గట్టు మీద ఆయన చెంప ఆ చెక్కకు ఆనుకుని ఉన్న క్షణం గుర్తొచ్చింది. ఊరుకున్నాను.

ఆయన లేచి, "వస్తానమ్మా" అన్నారు. గుమ్మం దాకా వెళ్ళి సాగనంపాను. ఎండలో బస్టాండు వైపు నడుస్తూ ఆయన రెండుసార్లు ఆగి, ఎవరో పిలిచినట్టు వెనక్కి తిరిగి చూశారు. నేను పిలవలేదు.