ఆయుధపూజ మరునాడు గుట్ట మీద ఆగిపోయిన నాయన బండి

మా చిన్నతనంలో ఆయుధపూజ వచ్చిందంటే మా ఇంట్లో పూజంతా ఒక్కదానికే... నాయన మోటారు సైకిలుకు.

యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్లు వదిలించుకున్న బండి అది. పలమనేరు చుట్టుపక్కల కొండదారుల్లో పల్లెపల్లె తిరిగి వెన్న డబ్బాలు టౌనుకు చేర్చడం నాయన పని. దారంతా ఎర్రటి దుమ్ము... అందుకని ప్రతి ఆదివారమూ ఇంజనుకు గాలి పోయే మూతిని విప్పేవాడు. చుట్టూ బెజ్జాలున్న రేకు డబ్బా, లోపల నూనెలో తడిపిన సన్నటి తీగల చుట్ట. ఇప్పుడు ఎయిర్ ఫిల్టర్ అంటున్నారు... నాయన గాలిజల్లెడ అనేవాడు. దాన్ని పెట్రోలులో కడిగి, ఆరబెట్టి, మళ్లీ నూనెలో ముంచి, కారేదంతా కారిపోయేదాకా దండేనికి వేలాడదీసేవాడు.

"దుమ్ము ఈ నూనెకు అంటుకోని ఈడనే నిలబడాల. లోపలికి పోయిందంటే ఇంజను సచ్చినట్టే" అనేవాడు.

ఆ ఏడు బండికి పసుపు పెట్టే పని నాకు అప్పగించారు. నాకు తొమ్మిదేళ్లు. "యాడా ఇడిసిపెట్టొద్దురా" అని అమ్మ చెప్పింది. నేను ఎక్కడా విడిచిపెట్టలేదు... జల్లెడ డబ్బా బెజ్జాలన్నిటిలోనూ తడి పసుపు ముద్దను వేలితో కుక్కాను. ఎంత లోపలికి పోతే అంత పుణ్యం అనుకున్నాను. బండంతా పసుపే కాబట్టి ఎవరికీ తేడా కనబడలేదు.

మరునాడు తెల్లవారేసరికి నాలుగేళ్ల మా చెల్లెలు కమలకు ఊపిరాడటం లేదు. రెండు రోజులుగా జ్వరం... మెడ వాచిపోయింది. గాలి లాగినప్పుడల్లా గొంతులో ఈల వేసినట్టు శబ్దం. ఊళ్లో మందులిచ్చే ముసలాయన దాని నోరు తెరిచి చూసి, వెంటనే మూసేశాడు.

"కంఠసర్పి అప్పా. గొంతులో తెల్లగా పొర కట్టేసింది. నా సేతుల్లో లేదు. సిత్తూరు పెద్దాసుపత్రికి ఎత్తకపో... నిలబడొద్దు."

నాయన వెనక అమ్మ, అమ్మ ఒళ్లో చెల్లెలు. వంక ఇసుకలో బండి దిగబడితే తోయడానికని నన్ను ట్యాంకు మీద కూర్చోబెట్టుకున్నాడు.

చదునులో బాగానే పోయింది. గుట్ట ఎక్కడం మొదలుపెట్టగానే నల్లటి పొగ... దగ్గినట్టు రెండు శబ్దాలు... ఆగిపోయింది.

నాయన ప్లగ్గు విప్పాడు. మసి పట్టి తడిగా ఉంది. తుడిచి బిగించాడు. నాలుగు బారలు పోయి మళ్లీ ఆగింది. మళ్లీ విప్పాడు. పెట్రోలు గొట్టం తీసి నోటితో ఊదాడు. జల్లెడ జోలికి మాత్రం పోలేదు... రెండు రోజుల ముందే తన చేత్తో కడిగి పెట్టాడు కదా.

నాకు తెలుసు. గుట్ట మొదట్లో పొగ చూసినప్పుడే తెలిసింది. అయినా నాయన విప్పిన మరలు పట్టుకుని నిలబడ్డాను.

మేకలు తోలుకొస్తున్న ఒకాయన మమ్మల్ని చూసి నవ్వాడు. "ఏమప్పా, నిన్న పూజ సేపిచ్చుకోని ఈ పొద్దు మొండికేసిందా? అల్లుడి మాదిరి ఉండాదే నీ బండి!"

అమ్మ తలెత్తి చూసింది. అప్పుడు ఆయనకు చెల్లెలి ఈల వినబడింది. "అయ్యో... బిడ్డకా తల్లీ" అని తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని నిలబడిపోయాడు.

"ఏమయ్యా, పెదాలు నల్లబడతా ఉండాయి. ఏదో ఒకటి సెయ్యి" అంది అమ్మ.

నాయన మూడోసారి ప్లగ్గు విప్పుతున్నాడు. నేను ఆయన భుజం పట్టి లాగాను.

"నాయనా... జల్లెడలో పసుపు పెట్టినా."

"యాడ?"

"బెజ్జాల్లో... లోపలికి."

నన్ను తిట్టలేదు. నా వైపు చూడను కూడా లేదు. డబ్బా విప్పాడు. తీగల చుట్ట నూనెలో నానిన పసుపుతో పిడచలా వచ్చింది. కాస్త పెట్రోలు పట్టి విదిలించి చూశాడు... పోలేదు.

"ఇది కడగతా కూచుంటే సిత్తూరు దాకా పెట్రోలు సాలదు. జల్లెడ లేకుండానే పోదాం. ఇంజను పోతే పోనీ."

అమ్మ పైట చెంగు పళ్లతో చించి ఇచ్చింది. "ఇది కట్టు. దోవలో ఆగిపోతే ఎట్ల?"

ఒంటిపొర గుడ్డను ఆ మూతికి కట్టి కిక్కు తన్నాడు. ఇంజను గట్టిగా ఊపిరి పీల్చుకుంది. మేకలాయన గుట్ట పైదాకా వెనక నుంచి తోశాడు.

ఆ గుడ్డ ఊరికూరికే ఎర్రగా పూడుకుపోయేది. బండి మూలిగితే చాలు నేను దూకి, గుడ్డ విప్పి దులిపి మళ్లీ కట్టేవాణ్ణి. దిగిన ప్రతిసారీ చెల్లెలి ఈల కోసం చెవి పెట్టేవాణ్ణి. చివరిసారి దిగినప్పుడు వినబడలేదు... అమ్మను అడగడానికి ధైర్యం చాలలేదు.

ఆసుపత్రిలో దాని గొంతు దగ్గర కోసి ఒక చిన్న గొట్టం పెట్టారు. సూది వేశారు. మూడో రోజు కళ్లు తెరిచి నీళ్లు అడిగింది... మాట రాక, సైగతో.

నాయన బండి మాత్రం ఆ చలికాలం దాటలేదు. లోపలికి పోయిన దుమ్ము ఇంజనును తినేసింది. ఆ తరువాత నాయన వెన్న డబ్బాలు కావడిలో మోశాడు. ఆ పసుపు మాట ఆయనగానీ అమ్మగానీ మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు.

కమల ఇప్పుడు ఏర్పేడులో మునిమనవళ్లతో ఉంది. మెడ మీద మచ్చ చూపించి, "మా అన్న దోవ పొడుగునా గుడ్డ దులిపి దులిపి నన్ను బతికిచ్చినాడు" అని అందరికీ చెబుతుంది. ఇన్నేళ్లుగా అది విని తల వంచుకుంటున్నాను... అణకువ అనుకుంటారు.

ఇప్పుడు జల్లెడ కాగితంతో వస్తోంది, మురికైతే పారేసి కొత్తది వేస్తారు. టీకాలొచ్చి ఆ జబ్బు కనబడక, కంఠసర్పి (డిఫ్తీరియా) అంటే ఏమిటని పిల్లలు అడుగుతున్నారు... అడగనీ, మంచిదే. మీ ఇళ్లలో ఆ జబ్బు చూసిన పెద్దవాళ్లుంటే కనుక్కుని ఇక్కడ రాయండి.

కమల మనవడు నా రాతలు చూస్తుంటాడు. అబ్బోడా, ఇది మీ అవ్వకు చదివి వినిపించు... గుడ్డ దులిపిన దగ్గర నుంచి కాదు, పసుపు దగ్గర నుంచి.