ఎడమ తలుపు మీద రెండు గీతలు

మా కారు ఎడమ వెనక తలుపు మీద జానెడు పొడవున రెండు గీతలు పడ్డాయి. పైపై గీతలు కావు. తెల్ల రంగు లేచిపోయి లోపలి రేకు కనిపిస్తోంది. నేను శ్రీకాకుళంలో ఒక కాలేజీలో కెమిస్ట్రీ పాఠాలు చెబుతాను. కారణం లేకుండా ఏదీ జరగదని పిల్లలకు చెప్పేవాణ్ణి కనుక, కారణాన్ని పది నిమిషాల్లో తేల్చేశాను. రోజూ పొద్దున మా వీధిలోకి చేపలు తెచ్చే ఆవిడ అల్యూమినియం తట్ట.

ఆవిడ రాగానే గీతలు చూపించి, "కాస్త చూసుకుని నడవొద్దా?" అన్నాను.

ఆవిడ తట్ట దించకుండానే గీతల వైపు చూసింది. "నా తట్ట నెత్తి మీదుంటాది. మీ గీత మోకాలెత్తున ఉన్నాది. నానేటి, పాకుతూ వచ్చినానా బాబూ?"

మా ఆవిడ గేటు దగ్గరికి వెళ్లి, బయటికి పొడుచుకొచ్చిన గెడ చూపించింది. దాని కొసకు తెల్ల రంగు అంటుకుని ఉంది.

"నిన్న రివర్స్ తీసింది మీరే కదండీ" అంది.

చేపలావిడకు సారీ చెప్పాను. ఇంగ్లీషులో చెబితే కాస్త తక్కువ తప్పు చేసినట్టుంటుంది. ఆ పూట నెత్తళ్లు బేరమాడకుండా తీసుకున్నాను.

షెడ్డుకు తీసుకెళితే మెకానిక్ మొదట అడిగేది ఎలా పడిందనే. అందుకని ఇంట్లోనే బాగు చేద్దామనుకున్నాను. పైగా రంగంటే ఏమిటి, పాలిమర్. దాని గురించి నేను ఏటా గంటలకొద్దీ చెబుతాను. ధైర్యానికి మూడు వీడియోలు కూడా చూశాను.

ఆదివారం, కిటికీలకు వాడగా మిగిలిన గరుకు కాగితం తీసి రుద్దాను. గంటలో రెండు గీతలూ మాయమయ్యాయి. వాటి స్థానంలో అరచేతి వెడల్పున రంగు లేని మచ్చ వచ్చింది. దాని మీద పుట్టీ దండిగా పెట్టాను. పుట్టీ మీద ప్రైమరు, ప్రైమరు మీద తెల్ల స్ప్రే, అన్నీ భోజనాల వేళకే అయిపోయాయి. రంగు తలుపు మీది నుంచి పొంగిన పాలలా కారింది.

మర్నాడు చేపలావిడ ఆగి చూసింది.

"గీత పెరిగిపోనాది బాబూ."

"అది ఆరాక సర్దుకుంటుంది" అని, పాలిమర్ గురించి రెండు ముక్కలు చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని, తలుపు మీద బొటనవేలితో నొక్కింది. వేలు లోపలికి దిగింది.

"మా ఆయన ఫైబర్ పడవలకి సిల్లులు పూడుస్తాడు. పుట్టీ పల్సగా ఎడతాడు. ఆరినాక గీకుతాడు, మల్లీ ఎడతాడు. ఆరకుండా పడవ దించితే మునిగిపోతారు. మీ కారుకి ఆ బయం నేదు, అందుకే తొందరపడినారు."

క్లాసులో నేనెప్పుడూ అంత సూటిగా చెప్పలేదు. మొత్తం గీకేసి మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి పుట్టీ పొరలు పొరలుగా పెట్టి, నీళ్లు చల్లుతూ సన్న కాగితంతో రుద్దాను. తెలుపంటే తెలుపేనని నేను వాదిస్తుంటే, మా ఆవిడ డ్రైవర్ తలుపు పక్కనున్న స్టిక్కరు మీద రంగు నంబరు చదివి వినిపించింది. విజయనగరంలో ఆ నంబరుకు రంగు కలిపించాను. పొరకూ పొరకూ మధ్య చేపలావిడ గోటితో తట్టి, "ఎయ్యొచ్చు" అంటేనే తర్వాతి పొర వేశాను. ఆఖరున పారదర్శకంగా ఉండే వార్నిష్, దాని మీద పాలిష్. రెండు వారాలు పట్టింది.

తలుపు నున్నగా వచ్చింది. గీత ఎక్కడ పడిందో నేనే వెతుక్కోవాలి. అసలు చిక్కు అక్కడే వచ్చింది. మెచ్చుకోవడానికి ఏమీ కనబడదు. మా కాలేజీ ఫిజిక్స్ మాస్టారు ఇంటికి వస్తే తలుపు చూపించాను.

"ఏటీ నేదే" అన్నాడు.

"అదే కదా" అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. ఇక తప్పక గేటు, గెడ, రివర్స్, చేపలావిడ మీద వేసిన నింద, అన్నీ నా నోటితోనే చెప్పాల్సి వచ్చింది. ఆయన అంతా విని, కారు చుట్టూ తిరిగి కుడివైపు వంగి చూశాడు.

"ఇటు కూడా ఒకటున్నాది, మాస్టారూ."

"అది ముందు ఓనరు చేసింది" అన్నాను.

కారు మేము కొత్తదే కొన్నాం.