పట్టుపంచె, పురుగుల మూట

బడిలో నాకు వంటబట్టిన విద్య ఒక్కటే, వెనక బెంచీ పట్టుకోవడం. ఐదోక్లాసుతో బడి వదిలేసినా ఆ విద్య నన్ను వదల్లేదు. ఆరోజు చింతామణిలో బాగేపల్లి బస్సెక్కి, పట్టుపంచె నలగకుండా వెనక సీట్లోనే కూర్చున్నాను.

పక్కన ఒకామె మూటతో కూర్చుంది. ముక్కు పగిలే కంపు.

"ఏముండాదమ్మా దాంట్లో?"

"పట్టుగూళ్లు ఉడకబెట్టి నూలు తీసినాక మిగిలే పురుగులప్పా. ఎండబెట్టి, పొడిచేసి ఫారం కోళ్ల మేతలో కలుపుతాము. సోయాపిండి కొనేకయ్యే కాలమా ఇది? పొద్దున్నించీ కోడిపిల్లలు పస్తుండాయి."

అలా అంటూనే, నా పంచెకు తగలకుండా మూటను తన ఒళ్లోకి తీసుకుంది.

నేనూరుకుంటేనా! "కండక్టరప్పా, ఈ మూటలో శవానికి టికెట్ కొట్టినావా?" అని అరిచాను. బస్సంతా నవ్వింది. నవ్వినవాళ్లే తర్వాత ముక్కులు మూసుకుని దించెయ్యమన్నారు. కండక్టర్ ఆమెను నడిదారిలో దించేశాడు. ఎండలో మూట నెత్తినెత్తుకుని ఆమె నడుస్తుంటే వెనక అద్దంలోంచి చూస్తూ ఉండిపోయాను. బస్సునంతా నవ్వించిన నోటికి "ఆపండప్పా" అనే ఒక్క మాట రాలేదు.

ఇంటికొచ్చి చెబితే నా భార్య నవ్వలేదు.

"నీ నడుముకుండేది ఆ పురుగు నూలే గదా! ఆమెను దింపినప్పుడే ఆ పంచె గూడా విప్పి, ఆ రోడ్డుమీదే పారేసి రావాల్సింది."