పేడనీళ్లు పోసిన మోటార్ సైకిల్

పొద్దున మనవడు వాకిట్లో బండి నిలబడ్డప్పుడు ఇంజన్ ఆగిపోకుండా ఐడ్లింగ్ సరిచేస్తుంటే పెట్రోలు వాసనకు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. నాకు ఆ వాసన వెంటే పేడ కంపు కూడా వస్తుందని వాడికేం తెలుసు.

నా ఈడు వాళ్లకు గుర్తుండాలి, అప్పట్లో నెక్కొండ దగ్గర మా ఊళ్లో మోటార్ సైకిల్ దొర ఒక్కడికే ఉండేది. ఎక్కడ నిలబెట్టినా దాని ఇంజన్ ఆగిపోయేది. మా నాయన డోర్నకల్ రైల్వేలో ఫిట్టర్. దొర కబురు పెడితే నన్ను వెంటబెట్టుకుని వెళ్లాడు. ఇంజన్ చప్పుడు చెవి ఒగ్గి విని, చిన్న స్క్రూను పావు చుట్టు తిప్పాడు. బండి నిలకడగా ఆడింది.

చర్చికి పోయేవాళ్లమైనా దొర కంటికి మేం అంటరానివాళ్లమే. జీతగాణ్ని పిలిచి, "వీడు ముట్టిండు, బండి మీద పెండనీళ్లు పొయ్యిరా" అన్నాడు.

కాలే ఇంజన్ మీద పేడ చుయ్యిమని ఉడికింది. ఆ కంపు నా గౌనుకు పట్టి రెండు ఉతుకులకు కూడా పోలేదు. తలుచుకుంటే ఇప్పటికీ రోత. నీళ్లు దిగి బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

"మళ్ల జూడురా" అన్నాడు దొర, ముక్కు మూసుకుని.

నాయన వినయంగానే చేతులు కట్టుకున్నాడు. "నేను ముడితే మళ్ల కడుగుడైతది దొరా. జర ఎండల పెట్టుండ్రి."