ఐదడుగుల తంబూర

నిజామాబాద్ సంగీత పాఠశాలకు గాత్ర అధ్యాపకుడిగా బదిలీ మీద వచ్చిన ఏడాది, జూన్‌లో, కొత్త తంబూర కొనే పని నాకు అప్పగించారు. అప్పటికి రిటైర్మెంటుకు ఇంకా మూడేళ్లుంది. తంబూరల తయారీకి పేరుపడ్డ మిరజ్ వెళ్లాను. దుకాణదారు ముందుగా అడిగింది ఒకటే, మగ గొంతుకా, ఆడ గొంతుకా అని. ఆడవాళ్ల శ్రుతి ఎక్కువ కాబట్టి వాళ్ల తంబూరకు మెడ పొట్టిగా ఉంటుంది. నేను పదింటిని మీటి, నా ఒకటో శ్రుతికి గుమ్మని మోగిన ఐదడుగులది తెచ్చాను. నా ఎంపికకు తిరుగులేదని పొగరు.

క్లాసులో పద్నాలుగు మందికి పన్నెండు మంది ఆడవాళ్లు. వాళ్లది ఐదు, ఐదున్నర శ్రుతి. అయినా అందరినీ ఒకటికే పాడించాను. కింద అందక వాళ్లు ఒక స్థాయి పైన, తమ శ్రుతి కంటే ఎత్తున పాడాల్సి వచ్చేది.

వాళ్లలో సుజాత ఎడపల్లి నుంచి బస్సులో వచ్చేది. బీడీలు చేసే మనిషి. సర్టిఫికెట్ వస్తే బోధన్‌లో ఒక బడివాళ్లు పాటల టీచరుగా తీసుకుంటామన్నారు. పరీక్ష దరఖాస్తు మీద అర్హత ఉందని అధ్యాపకుడు సంతకం చేయాలి. పై షడ్జం దాటితే ఆమె గొంతు చీలిపోతోందని నేను చేయలేదు. గడువు అయిపోయింది.

మర్నాడు వచ్చి నిలబడింది.

"సారూ, గీ తంబూరకు నా గొంతు సరిపోతలేదని ఆపిండ్రు. నా గొంతుకు సరిపోయే తంబూర పెట్టి ఒక్కసారన్న సూసిండ్రా?"

నాకు కోపం వచ్చింది. ఈ తంబూరే చాలునని చూపించాలని, అక్కడే శ్రుతి పెంచుతూ తీగ బిగించే బిరడా తిప్పాను. మూడో శ్రుతి దాటకముందే తీగ తెగి నా వేలు కోసుకుపోయింది. పొడుగు మెడ మీద తీగ అంత బిగింపుకు ఆగదని పాఠం చెప్పేది నేనే.

బోధన్ భజన మండలి నుంచి పొట్టి తంబూర అడిగి తెచ్చి, ఐదున్నరకు కూర్చి పాడించాను. పై షడ్జం దాటి పంచమం దాకా హాయిగా వెళ్లొచ్చింది. నాకు తల కొట్టేసినట్టయింది. తప్పు నాదేనని పై ఆఫీసుకు లేఖ రాశాను. గడువు దాటాక కుదరదన్నారు. బడివాళ్లు ఆ ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చారు. సుజాత మరుసటి ఏడు పాసైంది. ఆ బడిలో మళ్లీ ఖాళీ రాలేదు.

ఆ తర్వాత ఎవరినైనా వాళ్ల శ్రుతిలో విన్నాకే సంతకం సంగతి తేల్చేవాణ్ని. అంతకుముందు ముప్పై ఏళ్లలో ఎంతమందిని నా శ్రుతిలోనే విని వెనక్కి పంపానో చెప్పలేను.