తిమింగలానికి చీలమండ

మ్యూజియం వెనక గదిలో రాళ్లలోంచి పాతకాలపు ఎముకలు విడదీసే ఆవిణ్ణి అందరూ సూదమ్మ అనేవారు. పదకొండేళ్లుగా చేతిలో సూది, కంటికి భూతద్దం. రాలిన పెచ్చుల్ని కూడా పారేసేది కాదు. ఏ రాయివి ఆ రాయి నంబరు వేసి సీసాలో దాచేది.

"ఈ చెత్తతో ఇల్లు కడతావా అక్కా?" అని ఆటపట్టించేవాడు తమ్ముడు. తండ్రి నాటి మాంసం కొట్టు అతనే చూసుకుంటున్నాడు.

ఏడో నంబరు రాయిలో ఒక చెవి ఎముక బయటపడింది. ఒక అంచు బరువుగా ఉబ్బి ఉంది. అలాంటి చెవి తిమింగలాలదేనని, ఆ ఎముకల మీద పరిశోధన చేసే మేడమ్ సంబరపడిపోయింది. నాలుగు రోజులకు అదే రాయిలోంచి నిమ్మకాయంత ఎముక ఊడి సూదమ్మ అరచేతిలో పడింది. రెండు కొసలా గిలకకున్నట్టు గాడి. ఆవిడ ఫక్కున నవ్వింది. చిన్నప్పుడు కొట్టు మెట్ల మీద తమ్ముడితో ఆడుకున్నవి ఇలాంటివే, మేక చీలమండలు!

మేడమ్ నవ్వలేదు. తిమింగలాల పూర్వీకులకు కాళ్లుండేవని ఆవిడకు తెలుసు. ఆ కాళ్లు ఏ వంశానివన్నదే అప్పటికింకా తేలని తగువు.

"ఇది మేక జాతిదమ్మా. వేరే రాయిలోది కలిసిపోయిందేమో. అదే నిజమైతే ఈ రాయి మొత్తం పనికిరాదు."

సూదమ్మ సూది కింద పెట్టింది. "నా బల్ల మీద రెండు రాళ్లు ఎప్పుడూ ఉండవు మేడమ్."

"నాకు తెలుసు. కానీ సూదమ్మ చెప్పింది కాబట్టి నమ్మండని సైన్సు పత్రికకు రాయలేను కదా!"

సూదమ్మ ఏడో నంబరు సీసా బల్ల మీద బోర్లించింది. ఒక్కో పెచ్చునూ తిప్పి తిప్పి రాయికి ఆనించి చూసింది. మూడో రోజు మధ్యాహ్నం ఒక పెచ్చు చిక్కింది. దాని ఒక వైపు గిలక గాడి అచ్చు దిగి ఉంది, ఎముక అందులో ఇట్టే కూర్చుంది. రెండో వైపు చెవి ఎముక పక్కన రాయి విరిగిన చోట వెంట్రుకవాసి సందు లేకుండా అతుక్కుంది.

మేడమ్ చూసింది. మళ్లీ చూసింది. సూదమ్మ రెండు చేతులూ పట్టుకుని గిర్రున తిప్పేసింది. "తిమింగలాలు మేకలాంటి జంట గిట్టల జంతువుల బంధువులేనమ్మా! నీ చెత్తకు వెయ్యి దండాలు!"

సాయంత్రం ఇద్దరూ మాంసం కొట్టుకు వెళ్లారు.

"మేక చీలమండ ఒకటి కావాలయ్యా," అంది మేడమ్.

"కూరకా అండీ?"

"తిమింగలం పక్కన పెట్టి చూడ్డానికి."

తమ్ముడు కత్తి పక్కన పెట్టాడు. "నీ పిచ్చి ఈవిడకీ అంటించావా అక్కా?"

"ఒరేయ్, శుభ్రంగా కడిగి ఇవ్వు," అంది సూదమ్మ. "చుట్టాలింటికి వెళ్తోందది."