అందరికీ ముందు వరస

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో అడిగినవాళ్లందరికీ సాయపడగలనని ఒక నమ్మకం ఉంటుంది చూడండి, నాకది బాగా ముదిరిన రోజులవి. నేను బడికి వెళ్లి చదివినదాన్ని కాను. ఏ.ఎస్. రావు నగర్‌లో మా వీధే నా బడి. ఎదురింటి తాతగారు లెక్కలు, మేడమీది ఆంటీ హిందీ, పక్కింటి పిన్ని పాట, తక్కినదంతా అమ్మ నేర్పారు. ఎవరూ దక్షిణ పుచ్చుకోలేదు. అందుకే ఇంటర్నెట్ కనెక్షన్లిచ్చే చిన్న కంపెనీలో కుదిరాక, రోజూ దీపం వెలిగించి, ‘స్వామీ, వీళ్లకు ఎప్పుడైనా పనికొచ్చేట్టు చూడు’ అని మొక్కుకునేదాన్ని. (స్వామి వింటాడు. ఒక్కోసారి కాస్త ఎక్కువగానే వింటాడు.)

నా పని వరసలు చూడటం. ఎంత వేగమైన లైనైనా రద్దీ తప్పదు. సినిమా డౌన్‌లోడు కాస్త ఆలస్యమైతే కొంపలు మునగవు. ఫోనులో, వీడియోలో మనిషి మాట మాత్రం సమయానికి చేరాలి. ఆలస్యంగా చేరిన మాట, తలంబ్రాలయ్యాక వచ్చిన బాజా మేళం లాంటిది. అందుకని అలాంటివాటిని ముందు వరసలో పంపే ఏర్పాటుంది. ఆ వరసలో ఎవరుండాలో కంప్యూటర్లో పెట్టేది నేనే.

అంతలో కాప్రాలో పెదనాన్న కూతురి పెళ్లి వచ్చింది. పంతులుగారేమో ముందురోజే మెట్లమీద జారి, లాలాగూడలో కాలికి కట్టుతో మంచమెక్కారు. ముహూర్తాల కాలం, మరో పంతులు దొరకలేదు. “వీడియోలో చేయించెస్తానన్నారు. టైముకి ఇనబడతాదా అమ్మా?” అన్నాడు శ్రీకాకుళం యాస వదలని పెదనాన్న. “గ్యారంటీ నాది పెదనాన్నా” అనేశాను.

పంతులుగారిని ముందు వరసలో పెట్టాను. పెళ్లిరోజు పొద్దున్నే పిన్ని ఫోను చేసింది: “నా ఆన్‌లైన్ పాఠం మాటిమాటికీ ఆగిపోతోందే.” కాప్రాకీ మా వీధికీ లైను ఒకటే. అయినా పిన్నికి కాదని ఎలా చెప్పను? పెట్టాను. తర్వాత ఆంటీ, ఆ తర్వాత ఆన్‌లైన్‌లో పిల్లలకు లెక్కలు చెప్పే తాతగారు. ఆంటీ చెప్పిందని వీధి చివరి టైలరమ్మ కూడా, “జెర మాది సుత జూడు బిడ్డా” అంది. ఆ కబురు వీధంతా పాకింది, అడిగినవాళ్లందరినీ పెట్టాను. అందరికీ మేలు చేసే భాగ్యమిచ్చినందుకు దణ్ణం పెట్టుకుని, పట్టుచీర కట్టుకుని, లాప్‌టాప్ చంకన పెట్టుకుని పెళ్లికి వెళ్లాను.

గౌరీపూజ బాగానే సాగింది. ముహూర్తం దగ్గరపడేసరికి పంతులుగారు తెరమీద నోరు తెరిచి అలాగే ఉండిపోయారు. “జీల...” అని వినిపించి మళ్లీ మౌనం. వధూవరుల చేతుల్లో జీలకర్ర బెల్లం కరిగి మోచేతులకు కారుతోంది.

“ఏటయిందమ్మా? పెట్టీమంటన్నారా, ఆగమంటన్నారా?” పెదనాన్న నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. “ఏందీ, గీ ఫోన్ల పెండ్లి!” అంది పెళ్లికొడుకు నాయనమ్మ, అందరికీ వినపడేలా. లాప్‌టాప్ తెరిచాను. ఆఫీసులో మా సారుకి ఫోను చేశాను.

“ముందు వరసలోనే పెట్టాను సార్, అయినా...”

“ఎందర్ని వెట్టినవ్?”

పేర్లు చదువుతూ పోయాను.

“అందరికి స్పెషల్ దర్శనమిస్తే గది ధర్మదర్శనమే గదనే పిల్లా! గ్యారంటీ అంటే గేటు కాడ కొందర్ని ఆపుడు. తియ్యి, పంతుల్నొక్కణ్ని ఉంచి అందర్ని తియ్యి!”

పిన్ని పేరు తీశాను, మనసులో దణ్ణం పెట్టి. ఆంటీది తీశాను. వీధి వీధంతా పోయింది. చివరికి తాతగారి పేరు దగ్గర వేలు ఆగిపోయింది. గుణకారాలు నేర్పిన మనిషి! “అమ్మా!” అన్నాడు పెదనాన్న. కళ్లు మూసుకుని నొక్కేశాను.

“పెట్టించండయ్యా, సమయం మించిపోతోంది!” పంతులుగారి కేక మండపమంతా మోగింది. జీలకర్ర బెల్లం తలలకెక్కింది. నేను ఏడుస్తూ అక్షింతలు వేశాను. (అప్పగింతల దుఃఖం ముందే వచ్చిందనుకున్నారు చుట్టాలు.)

సాయంత్రం తాతగారి ఫోను: “క్లాసులో నా బొమ్మ బిగుసుకుపోయిందట, పిల్లలు తెగ సంబరపడ్డారు. నువ్వేనా?”

“పంతులుగారి కోసం మిమ్మల్ని వెనక్కి పంపాను తాతగారూ.”

“పోనీలే. తీసివేత ఒక్కటే నీకు సరిగ్గా పట్టుబడలేదనుకునేవాణ్ని.”

ఇప్పటికీ అదే పని చేస్తున్నాను. ‘కుదరదండీ’ అనడం వచ్చింది. దేవుడి ముందు కూర్చున్నప్పుడు మాత్రం తాతగారు, పిన్ని, ఆంటీ, సారు, అందరినీ ముందు వరసలోనే పెడతాను. అక్కడ లైను ఆగిపోతుందో లేదో నాకు తెలియదు. ఆ గేటు దగ్గర డ్యూటీ నాది కాదు, అదే నా అదృష్టం.